ప్రొపెల్లర్ మార్చే ముందు దాని వెనక్కి చూడండి

ప్రశ్న: నాకు 16 అడుగుల ఫైబర్ పడవ, దాని వెనక బయట తగిలించిన 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజను ఉన్నాయి. పోయిన నెల లోతు తక్కువున్న చోట ప్రొపెల్లర్ రాయికి కొట్టుకుంది. ఒక రెక్క అంచు వంగి, గోరంత ముక్క ఊడింది. అప్పటి నుంచి నెమ్మదిగా పోతే ఇబ్బంది లేదు గానీ, థ్రాటిల్ పెంచితే ఇంజను రయ్యిమని లేస్తోంది, పడవ మాత్రం అందుకోవడం లేదు. కొత్త ప్రొపెల్లర్ తెచ్చి నేనే బిగించుకుందామని ఉంది. పానా పట్టడం వచ్చు, ఇంజను పని మాత్రం ఎప్పుడూ చేయలేదు. నట్టు బాగా బిగుసుకుపోయినట్టుంది. పడవ నీళ్లలో ఉండగానే మార్చవచ్చా? ఎలాగూ కొత్తది కొంటున్నావు కాబట్టి పిచ్ ఎక్కువున్నది వేస్తే వేగం పెరుగుతుందని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? అతనిది ఇంజను లోపలుండే ఇన్‌బోర్డ్ పడవ. దానికీ ఇదే పద్ధతా?

జవాబు: నిక్షేపంగా మీరే మార్చుకోవచ్చు. ఒక పిన్ను, ఒక నట్టు, రెండు మూడు వాషర్లు, అంతే. అయితే మీ ఉత్తరం చదువుతుంటే "నెమ్మదిగా పోతే ఇబ్బంది లేదు గానీ" అన్న మాట దగ్గర ఆగాను. రెక్క వంగితే పడవంతా వణుకుతుంది. వేగం పెరిగేకొద్దీ వణుకూ పెరిగి స్టీరింగులోకి కూడా వస్తుంది. ఇంజను ఊరికే రేగిపోవడం, పడవ ఉన్నచోటే ఉన్నట్టుండటం చూస్తే నా అనుమానం ముందు లోపలి రబ్బరు మీదకి పోతుంది.

బయటికి ఒకే పోతగా కనిపించినా ఔట్‌బోర్డ్ ప్రొపెల్లర్ లోపల వేరే కథ ఉంటుంది. షాఫ్ట్ మీద ఎక్కే పళ్ల గొట్టం ఒకటి, దాని చుట్టూ ప్రెస్సుతో దిగ్గొట్టిన రబ్బరు బుష్, ఆ పైన రెక్కలున్న లోహం. గేరు వేసినప్పటి కుదుపుని ఆ రబ్బరు పీల్చుకుంటుంది. రెక్క దేనికైనా గట్టిగా తగిలితే దెబ్బ గేర్ల దాకా పోకుండా అదే జారి ఆపుతుంది. దాన్ని పెట్టిందే అందుకు. కానీ ఒకసారి జారిన రబ్బరుకి పాత పట్టు రాదు. నిదానంగా పోతున్నంతసేపూ మోస్తుంది, థ్రాటిల్ పెంచి బరువు మీద పడగానే జారిపోతుంది. షాఫ్ట్ తన మానాన తను తిరుగుతుంది, రెక్కలు వెనకబడతాయి.

ఇది తేల్చుకోవడానికి ఏమీ విప్పక్కర్లేదు. ఇంజను ఆపి పైకెత్తి, నట్టు మీద మొదలుపెట్టి ప్రొపెల్లర్ లోహం మీద దాకా పెయింటుతో ఒకే గీత గీయండి. పిన్ను వేసిన నట్టు షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, రబ్బరు గట్టిగా ఉంటే ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉండాలి. గీత ఆరాక పడవని కాస్త లోతుకి తీసుకెళ్లి, ఇంజను రేగిపోయేదాకా థ్రాటిల్ పెంచి, తగ్గించి, ఆపి చూడండి. నట్టు మీది గీత ఒక దిక్కున, లోహం మీది గీత ఇంకో దిక్కున ఉంటే రబ్బరు పోయినట్టే. గీత చెదరకుండా ఉంటే ప్రొపెల్లర్ గాలి పీలుస్తోందేమో చూడాలి. ఇంజనుని బయటికి మరీ వాల్చి నడపడం, ఇంజను తగిలించే పడవ వెనక గోడ, అంటే ట్రాన్సమ్ మీద మరీ ఎత్తుగా బిగించడం, రెక్క అంచు దెబ్బతినడం, మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు. మీ విషయంలో రబ్బరూ రెక్కా రెండూ దెబ్బతిని ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒకే రాయి రెండు పనులూ చేయగలదు.

రబ్బరు జారిందని తేలినా కంగారేమీ లేదు. గేరు వేసి నిదానంగా ఒడ్డుకి రావచ్చు. పాత ప్రొపెల్లర్ మాత్రం పారేయకండి. ప్రొపెల్లర్లు బాగుచేసే వర్క్‌షాపులో కొత్త రబ్బరు ప్రెస్సుతో ఎక్కిస్తారు, ఊడిన ముక్క వెల్డింగ్ పెట్టి రెక్కని మళ్లీ కొలతకి తెస్తారు. అది పడవలో స్పేరుగా ఉంటుంది. కొన్ని కొత్త రకాల్లో రబ్బరుకి బదులు చేత్తో తీసి వేసుకునే ప్లాస్టిక్ హబ్ వస్తుంది. మీది ఆ రకమైతే హబ్ కిట్టు ఒక్కటే మార్చి, రెక్క బాగుచేయించుకుంటే సరిపోతుంది. పాత రకం రబ్బరుని ఇంట్లో సుత్తితో దిగ్గొట్టే ప్రయత్నం చేయకండి. వంకరగా దిగుతుంది, నాలుగు రోజులకే మళ్లీ జారుతుంది.

ఇక పనిలోకి. తాళం తీసి జేబులో వేసుకోండి. ఇంజనుని ఆపేసే కిల్ స్విచ్ తాడు లాగేయండి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి, స్పార్క్ ప్లగ్ క్యాపులు ఊడదీయండి. ఇన్ని ఎందుకంటే, గేరులో ఉన్న ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజను క్రాంకు కూడా తిరుగుతుంది. అలా తిరిగిన ఇంజను ఒక్క క్షణం రాజుకున్నా చాలు, వేళ్లు మిగలవు. గేరుని న్యూట్రల్‌లో పెట్టండి. షాఫ్ట్ తిరగకుండా గేరు వేసి నట్టు విప్పుతామనేవాళ్లు ఉన్నారు. అది నాకు నచ్చని పద్ధతి. చెక్కముక్కతో అదే పని హాయిగా అవుతుంది. అంచులు కోసుకుపోతాయి కాబట్టి చేతికి మందపాటి గ్లవ్స్ కూడా ఉండాలి, ముఖ్యంగా ముక్క ఊడిన రెక్క మీద.

పడవ నీళ్లలోనా, ఒడ్డునా అని అడిగారు. వీలుంటే ఒడ్డునే, ట్రైలర్ మీదే చేయండి. మొదటిసారి విప్పేవాళ్లకి వంద సందేహాలు వస్తాయి. వెనక్కి చూడాల్సినవీ చాలా ఉన్నాయి, అవన్నీ అలల మీద ఊగుతూ తేలవు. ఒడ్డుకి తేలేకపోతే మోకాలి లోతు నీళ్లలో పడవని రెండు వైపులా కట్టి, ఇంజను పూర్తిగా పైకెత్తి చేయవచ్చు. ఎత్తాక టిల్ట్ లాక్ లివరు తప్పకుండా వేయండి. హైడ్రాలిక్ మీదే వదిలేస్తే మీరు కింద ఉండగా మెల్లగా దిగడం మొదలుపెట్టవచ్చు. ప్రొపెల్లర్ కింద ఒక గుడ్డ పట్టులా కట్టండి. నీళ్లలో జారిపడిన వాషరు దొరకదు. లోతు నీళ్లలో, ఊపిరి బిగబట్టి మునిగి చేసే ప్రయత్నం వద్దేవద్దు.

ముందు ఒక ఫొటో తీసుకోండి. తర్వాత ప్రతి భాగం విప్పగానే మరొకటి. నట్టులోంచి షాఫ్ట్ రంధ్రం గుండా పోయే కాటర్ పిన్ను కాళ్లని నోస్ ప్లయర్‌తో తిన్నగా చేసి, అవతలి వైపు నుంచి లాగేయండి. ఆ పిన్ను పని అయిపోయింది. మళ్లీ వంచితే విరుగుతుంది, అందుకే కొత్తది దగ్గర పెట్టుకునే విప్పాలి. కొన్ని ఇంజన్లలో పిన్నుకి బదులు చెవులు వంచిన ట్యాబ్ వాషరు ఉంటుంది, ఆ చెవుల్ని తిన్నగా చేశాకే నట్టు కదులుతుంది. ఇంకొన్నిట్లో లోపల నైలాన్ ఉన్న లాక్ నట్టు ఉంటుంది, అది మొదటి నుంచి చివరి దాకా బిగువుగానే వస్తుంది. రెండు మూడు హెచ్‌పీల బుల్లి ఇంజన్లలో షాఫ్ట్‌కి అడ్డంగా షియర్ పిన్ను ఉంటుంది. ఏదైనా తగిలితే విరిగిపోవడానికే పెట్టిన పిన్ను అది. దాని బదులు మేకు ముక్క దూర్చి నడిపితే తర్వాతి దెబ్బకి గేర్లు పోతాయి.

చెక్కముక్కని రెక్కకీ, దాని పైన అడ్డంగా ఉండే ప్లేటుకీ మధ్య పెట్టాలి. ఆ ప్లేటు అసలు పేరు యాంటీ వెంటిలేషన్ ప్లేటు, చాలామంది క్యావిటేషన్ ప్లేటనే అంటారు. వెనక నుంచి చూస్తే నట్టు ఎడమకి తిరిగితే వదులవుతుంది. పానా తిప్పగానే ప్రొపెల్లర్ కూడా ఎడమకే తిరగబోతుంది కాబట్టి, చెక్క దాన్ని అటు పోకుండా ఆపేలా ఉండాలి. బిగించేటప్పుడు చెక్క రెండో వైపుకి మారుతుంది. రెక్క కొసలో కాకుండా మొదట్లో, మందంగా ఉన్నచోట ఆనేలా పెట్టండి. కొసన ఆనిస్తే మీరే ఇంకో రెక్క వంచినవాళ్లవుతారు.

నట్టు బిగుసుకుందంటున్నారు. తుప్పు వదిలించే నూనె పట్టించి ఓ పూట వదిలేయండి. తర్వాత ఆరు మూలల సాకెట్, పొడుగు పిడి. పన్నెండు మూలల సాకెట్‌తో, సర్దుబాటు స్పానర్‌తో నట్టు మూలలు అరిగిపోతాయి, అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. నిదానంగా బరువు పెంచుతూ పోతే చాలామటుకు వదులుతుంది.

నట్టు వచ్చాక వాషరు, స్పేసరు, ఆ తర్వాత ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ అంత తేలిగ్గా రాకపోవచ్చు. ఏళ్ల తరబడి గ్రీజు పెట్టకపోతే ఉప్పు, తుప్పు కలిసి షాఫ్ట్ పళ్ల మధ్య గట్టిపడతాయి. రెండు చేతులతో రెండు రెక్కలు పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తిన్నగా మీవైపు లాగండి. రాకపోతే ముందు వైపు నుంచి చెక్కముక్క ఆనించి మధ్య భాగం మీద మెల్లగా, ఓసారి ఈ వైపు, ఓసారి ఆ వైపు తట్టండి. రెక్కల మీద కొట్టకూడదు. షాఫ్ట్ కొస మీద సుత్తి దెబ్బ అసలే పడకూడదు. మరలు నలిగితే కొత్త నట్టు ఎక్కదు, ఆ దెబ్బ నేరుగా లోపలి బేరింగుల మీద పడుతుంది. అప్పటికీ కదలకపోతే ప్రొపెల్లర్‌ని లాగే పనిముట్టు, పుల్లర్ తెచ్చుకోండి. గ్యాస్ మంట పెట్టి వేడిచేసేవాళ్లని చూసి మీరూ మొదలుపెట్టకండి. రబ్బరు కాలి విషపు పొగ వస్తుంది, వెనకున్న ఆయిల్ సీల్, అంటే గేర్ ఆయిల్ కారకుండా ఆపే వలయం కూడా మాడుతుంది.

ప్రొపెల్లర్ చేతికొచ్చింది. కొత్తది తీసి ఎక్కించేయాలని చెయ్యి పీకుతుంది. అక్కడే ఆగండి. ప్రొపెల్లర్ విప్పడంలో సగం లాభం ఇప్పుడు కనిపించేదాన్ని చూడటంలోనే ఉంది. వర్క్‌షాపువాళ్లకి ఇచ్చినా వాళ్లు చూసేదీ ఇదే, చూడకపోతే మంచి వర్క్‌షాపు కాదు.

షాఫ్ట్ మీద మిగిలిన మందపాటి వాషరు థ్రస్ట్ వాషరు. అది షాఫ్ట్‌కి అతుక్కుపోయి ఒక్కోసారి షాఫ్ట్‌లో భాగమేనేమో అనిపిస్తుంది. మెల్లగా కదిలించి తీయండి. దాని వెనక గాలపు దారం ఉందేమో చూడండి. నీళ్లలో కొట్టుకొచ్చే నైలాన్ దారం ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే రెక్కల మీద ఆగదు, లోపలికి పాకి థ్రస్ట్ వాషరు వెనక చేరుతుంది. అక్కడ వేడికి కరిగి, గట్టి ఉంగరంలా బిగుసుకుంటుంది. సీల్ పెదవి ఆ పక్కనే ఉంటుంది. దారం రోజూ దాన్ని కొంచెం కొంచెం కోస్తుంది. మీకు బయటికి ఏమీ తెలియదు. తెలిసేసరికి గేర్ ఆయిల్ బయటికి, నీళ్లు లోపలికి పోతూ ఉంటాయి. దారం కనిపిస్తే చిన్న కొక్కెంతో పోగుపోగుగా లాగండి. బ్లేడు వాడితే షాఫ్ట్ మీద గీత పడుతుంది. సీల్ ఆనే చోట వెంట్రుక వాసి గీతలోంచి కూడా ఆయిల్ కారుతుంది.

దారం దొరికినా దొరక్కపోయినా గేర్ ఆయిల్ చూడండి, ఎలాగూ పానాలు బయట ఉన్నాయి. గేర్లుండే పెట్టె, అంటే గేర్‌కేసు కింద ఉన్న డ్రైన్ స్క్రూ కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు తెల్లటి మూతలోకి వదలండి. పడవని కనీసం రాత్రంతా కదపకుండా ఉంచి చూస్తే మంచిది, నీళ్లుంటే అడుగుకి దిగి మొదట అవే వస్తాయి. ఆయిల్ తేటగా ఉంటే సరే. పాలెక్కువైన కాఫీలా చిక్కగా, తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. అప్పుడు కొత్త ప్రొపెల్లర్ సంగతి తర్వాత, సీల్ మార్పించి, గేర్‌కేసుని గాలి పీడనంతో పరీక్ష చేయించండి. స్క్రూ కొసన అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే రజను ఉంటే గేరు పన్ను దెబ్బతిన్నదని. ఆయిల్ మళ్లీ నింపాల్సి వస్తే కింది రంధ్రం నుంచి పంపు చేసి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా వచ్చేదాకా నింపాలి. పై నుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది. స్క్రూల కింద కొత్త గాస్కెట్లు వేయండి.

మూడోది షాఫ్ట్. రాయికి కొట్టుకున్న మీ పడవకి ఇది తప్పనిసరి. ఒక సన్నటి పుల్లని గేర్‌కేసుకి టేపుతో అంటించి, కొస షాఫ్ట్‌ని తాకీ తాకనట్టు ఉండేలా నిలబెట్టండి. న్యూట్రల్‌లోనే షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. చుట్టూ సందు ఒకేలా ఉంటే తిన్నగా ఉంది. ఒక పక్క తాకుతూ, ఇంకో పక్క దూరమవుతూ ఉంటే షాఫ్ట్ వంగింది. ఎంత వంకర దాకా పర్వాలేదో మీ ఇంజను మాన్యువల్‌లో ఉంటుంది గానీ, కంటికి తెలిసేంత ఊగితే ఆ షాఫ్ట్ మీద కొత్త ప్రొపెల్లర్ ఎక్కించి లాభం లేదు. వణుకు తగ్గదు, కొత్త సీల్ వేసినా నిలవదు. గేర్‌కేసు విప్పే పని మాత్రం వర్క్‌షాపుకే వదిలేయండి. గేర్ల మధ్య సందులు సరిచూడటానికి తగిన కొలత పనిముట్లు కావాలి.

ఇక మీ స్నేహితుడి పిచ్ సలహా. ప్రొపెల్లర్ మీద 11 × 13 లాంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ 13 అంటే, నీళ్లు జారకుండా ఉంటే, ఒక చుట్టుకి పడవ 13 అంగుళాలు ముందుకి పోవాలని. లెక్క వేసి చూడండి. ఇంజను 5000 ఆర్‌పీఎం, గేర్ నిష్పత్తి 2:1 అనుకుంటే ప్రొపెల్లర్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంది. 13 అంగుళాల పిచ్‌తో గంటకి సుమారు 49.5 కిలోమీటర్లు. నీళ్లు గట్టి పదార్థం కావు కాబట్టి ఇందులో 10 నుంచి 20 శాతం జారుడుకి పోతుంది. 15 పిచ్ వేస్తే కాగితం మీద 57 కిలోమీటర్లు. మీ స్నేహితుడు చెప్పేది ఈ లెక్కే.

ఆ 57 రావాలంటే ఇంజను మళ్లీ అదే 5000 తిరగాలి. తిరగదు. పిచ్ ఒక అంగుళం పెంచితే ఫుల్ థ్రాటిల్‌లో దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుంది. పిచ్ మరీ ఎక్కువైతే ఇంజను మోయలేని బరువు మోస్తూ మూలుగుతుంది. ముక్కు లేచిన పడవ బల్లపరుపుగా పరుగందుకోవడానికి చాలా సేపు పడుతుంది, సిలిండర్లో మసి పేరుకుంటుంది, వేడి పెరుగుతుంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజను హద్దు దాటి తిరుగుతుంది, అదీ మంచిది కాదు. కాబట్టి ప్రొపెల్లర్‌ని వేగం కోసం ఎంచుకోకూడదు, ఆర్‌పీఎం కోసం ఎంచుకోవాలి. మీ మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఇంత నుంచి ఇంత దాకా అని రాసి ఉంటుంది. మామూలుగా మీరు మోసే మనుషులు, సామాను, ఇంధనంతో, ఫుల్ థ్రాటిల్‌లో ఆ హద్దుల పైభాగంలోకి రావాలి. రాయి తగలకముందు మీ ఇంజను ఆ హద్దుల్లోనే తిరిగేదైతే పాత కొలతే వేయండి, ప్రయోగాలు వద్దు. పైహద్దు దాటి తిరిగేదైతే మీ స్నేహితుడు చెప్పింది మీ పడవకి సరిపోతుంది. హద్దుకి చేరకుండా ఆగిపోయేదైతే పిచ్ తగ్గించాలి.

దెబ్బతిన్న ప్రొపెల్లర్‌తో వేగం పెరిగిన పడవ చరిత్రలో ఒకటుంది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836లో స్క్రూ ప్రొపెల్లర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడు కాలువలో చిన్న పడవని నడిపి చూస్తుండగా, రెండు చుట్లున్న ఆయన చెక్క స్క్రూ దేనికో తగులుకుని సగం విరిగిపోయింది. పడవ ముందుకంటే వేగంగా పోయింది! స్క్రూ పొడుగు తగ్గాలన్న సంగతి ఆయనకి అలా తెలిసింది. మీ రాయి మీకు అంత మేలు చేయలేదు, అది వేరే సంగతి.

లోహం విషయంలో నా ఓటు అల్యూమినియానికే. స్టీలు ప్రొపెల్లర్ గట్టిది, రెక్కలు పల్చగా ఉంటాయి, ఒత్తిడికి వంగవు కాబట్టి కాస్త వేగం కూడా ఇస్తుంది. కానీ రాళ్లున్న చోట తిరిగే పడవకి రెక్క వంగడమే మేలు. స్టీలు రెక్క వంగనంటే ఆ దెబ్బలో ఎక్కువ వాటా రబ్బరు మీదా, దాని వెనకున్న షాఫ్ట్, గేర్ల మీదా పడుతుంది. కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి "ఇలాంటిదే" అని తెచ్చుకోకండి. షాఫ్ట్ పళ్ల సంఖ్య, గేర్‌కేసు సైజు, ఎగ్జాస్ట్ పొగ మధ్యలోంచి పోయే రకమా కాదా, ఇవన్నీ ఇంజను మోడల్‌ని బట్టి మారతాయి. తిరిగే దిశ కూడా చూసుకోండి. ఒంటి ఇంజను పడవల్లో దాదాపు అన్నిటికీ కుడి ప్రొపెల్లరే, అంటే ముందుకి పోతున్నప్పుడు వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగేది.

బిగించడం విప్పినదానికి తిరగేసిన వరుస. షాఫ్ట్ పళ్లని గుడ్డతో పాత గ్రీజు పోయేలా తుడిచి, నీళ్లకి కరగని మెరైన్ గ్రీజు పళ్లంతటా పల్చగా పట్టించండి. గ్రాఫైట్ కలిసిన గ్రీజు వద్దు, ఉప్పునీళ్లలో అది తుప్పుని పెంచుతుంది. ఈ గ్రీజు లేకపోవడం వల్లే మీరు, లేదా మీ తర్వాత ఎవరో, సుత్తి పట్టాల్సి వస్తుంది. ముందు థ్రస్ట్ వాషరు. దాని లోపలి అంచు ఒక వైపు ఏటవాలుగా ఉంటుంది, అది షాఫ్ట్ మీది ఏటవాలుకి సరిగ్గా ఆనాలి. తిరగేసి వేసినా, మరిచిపోయినా ప్రొపెల్లర్ సరైన చోట కూర్చోదు. మరిచిపోతే ముందుకి జరిగి గేర్‌కేసుని ఒరుసుకుంటుంది. ఫొటోలు తీయమన్నది అందుకే.

తర్వాత ప్రొపెల్లర్‌ని పళ్లలో కలిపి లోపలికి నెట్టి, స్పేసరు, వాషరు వేసి నట్టు బిగించండి. ఎంత బిగువన్నది మాన్యువల్‌లో ఉంటుంది, బిగువు కొలిచే టార్క్ రెంచితో ఆ అంకెకి తెచ్చుకోండి. ప్లాస్టిక్ హబ్ రకాల్లో ఇది మరీ ముఖ్యం. మీది పిన్ను కోసం గాడులున్న కాజిల్ నట్టయితే, దాని గాడి షాఫ్ట్ రంధ్రానికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించి కలపండి, వెనక్కి వదులు చేసి కలపకండి. కొత్త స్టెయిన్‌లెస్ పిన్ను వేసి కాళ్లు రెండు వైపులా వంచండి. న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే ఒరుసుకోకుండా, గరగర లేకుండా తిరగాలి. అప్పుడు క్యాపులు, బ్యాటరీ తీగ, కిల్ స్విచ్ తాడు తిరిగి పెట్టండి. మొదటి ప్రయాణం అయ్యాక నట్టు బిగువు ఒకసారి చూసుకోండి.

మీ స్నేహితుడి ఇన్‌బోర్డ్‌కి ఇందులో పనికొచ్చేది తక్కువ. అక్కడ షాఫ్ట్ కొస కోసుగా, అంటే పోనుపోను సన్నబడుతూ ఉంటుంది, పళ్ల బదులు గాడిలో కూర్చునే ఒక పొడుగాటి లోహపు ముక్క, కీ ఉంటుంది, రెండు నట్లుంటాయి. ప్రొపెల్లర్ ఆ కోసు మీద బిర్రుగా ఇరుక్కుంటుంది, పుల్లర్ లేకుండా రాదు. అతనికి రెండు మాటలు చెప్పండి. పుల్లర్ బిగించే ముందు నట్టుని పూర్తిగా తీయకుండా, ప్రొపెల్లర్‌కి కాస్త ఎడంగా మరల మీదే ఉంచాలి. ఇరుకు వదిలినప్పుడు ప్రొపెల్లర్ ఢామ్మని ఎగిరొస్తుంది, ఆ బరువు కాలి మీద పడితే ఎముకలు మిగలవు. రెండోది, తిరిగి వేసేటప్పుడు ముందు కీ లేకుండా ప్రొపెల్లర్‌ని కోసు మీదకి నెట్టి, ఎక్కడిదాకా వచ్చిందో షాఫ్ట్ మీద గుర్తు పెట్టాలి. తర్వాత కీ పెట్టి నెట్టాలి. అదే గుర్తుకి రాకపోతే కీ ఎత్తు ఎక్కువై ప్రొపెల్లర్‌ని మోస్తోందని అర్థం, కోసు సరిగ్గా ఆనట్లేదు. కీని కాస్త అరగదీసి సరిచేశాకే బిగించాలి. నట్లలో పల్చటిది ముందు, మందపాటిది దాని మీద. చాలామంది తిరగేసి వేస్తారు. ఆ పని పడవని పైకి లాగాకే చేయమనండి.

ముందు గీత పరీక్ష చేయండి. దాని ఫలితంతో పాటు ఇంజను మోడల్, పాత ప్రొపెల్లర్ మీది రెండు అంకెలు, రాయి తగలకముందు ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం చూపేదో రాయండి. పిచ్ ఎంత వేయాలో అప్పుడు చెబుతాను. ఈలోగా ఆ పరీక్షకి తప్ప థ్రాటిల్ సగం దాటించకండి.